నత్త తాదు, నత్త!



పసిబిడ్డల మాటలను గూర్చి వ్రాయడం ఒక విధంగా సాహసమే. ఎవరి బిడ్డ పలుకులు వారికి ముద్దు, వినేవారికి ఆవులింత. అందుచేత ముందే మనవి చేస్తున్నాను: ఇందులో నా పిల్లల ముచ్చట్లు చాలానే ఉన్నాయి, ఓర్చుకోండి. ఆ ముచ్చట్ల చాటున మన తెలుగును గురించిన సంగతి ఒకటి ఉన్నది కనుకనే వ్రాస్తున్నాను.

మాది హోసూరు ప్రాంతం. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడక మునుపు ధర్మపురి జిల్లాలో ఉండేవాళ్ళం. ఇంట్లో తెలుగు, ప్రక్కింట్లో తమిళం, వెనుక వీధిలో కన్నడం. నా పిల్లలిద్దరూ ఈ మూడింటి నడుమ మాటలు నేర్చారు. రెండు మూడేండ్ల ప్రాయంలో వారు అన్నవాటిని నా పాఠ్యపథకం పుస్తకం చివరి తెల్లకాగితాల మీద వ్రాసి ఉంచుకొనేదాన్ని. తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు ఒకసారి ఆ పుటలు తిప్పి, నవ్వు ఆపుకొని, ఏమీ అనక సంతకం చేసి వెళ్ళారు.

మా అమ్మాయికి మూడేండ్లు వచ్చినా "క" పలికేది కాదు. "క" ఉన్న చోటల్లా "త" వచ్చేది. ఇందువలన మా ఇంట్లో ద్రాక్షపండ్ల కథలో నక్క నత్త అయి కూర్చున్నది. పాపం ఆ నత్త ద్రాక్షగుత్తి కోసం ఎగిరి, ఎగిరి, అలసిపోయి, పుల్లనివని తిట్టుకుంటూ పోయేది. అన్న ఊరుకుంటాడా? "నత్త ఎగరదే" అన్నాడు. దానికి ఎక్కడలేని కోపం వచ్చి, కాలు నేలకు తన్ని, "నత్త తాదు, నత్త!" అని అరిచింది.

నవ్వి ఊరుకొనే మాటే. కానీ ఒకటో తరగతి చెప్పే ఉపాధ్యాయులు కొంచెం ఆగి ఆలోచించవలసిన మాట కూడా. ఆ బిడ్డ చెవికి రెండు జంతువుల పేర్లలోని భేదం స్పష్టంగా తెలుసు. తెలియకపోతే కోపం ఎందుకు వస్తుంది? నాలుక ఒక్కటే వెనుకబడి ఉన్నది. పలకలేని బిడ్డకు తెలియదని మనం ఎన్నిసార్లు తేల్చివేస్తామో కదా!

ఇక ఇరుగుపొరుగు భాషలతో వచ్చిన తంటాలు వేరు. ప్రక్కింటి తమిళ పెద్దమ్మ మా అబ్బాయిని ఒళ్ళో కూర్చోబెట్టుకొని ఏదో అడిగి, "సొల్లు, సొల్లు" అని బుజ్జగించేది. తమిళంలో చెప్పమని అర్థం. మనకు సొల్లు అంటే ఏమిటో మీకు తెలుసు. వాడు అడిగిన ప్రతిసారీ బుద్ధిగా చొక్కా అంచుతో గడ్డం తుడుచుకొనేవాడు. ఈ పిల్లవాడు ఎంత శుభ్రమైనవాడోనని ఆమె అందరితోనూ చెప్పుకొనేది. వీధి చివరి అంగట్లో బిస్కెట్లు అడిగితే అంగడాయన "ఇల్లే, ఇల్లే" అన్నాడట. లేదని ఆయన అంటే, మన ఇల్లెక్కడని అడుగుతున్నాడనుకొని వీడు వేలు చాపి, "అదో, ఆ పచ్చ గేటు" అని దారి చూపించి వచ్చాడు.

తెలుగులోనే చిక్కులు తక్కువా! ఒకనాడు పాలు ఒలకబోసి నిలబడ్డాడు. "ఎవరు చేశారు? చెప్పు, చెప్పు" అని గద్దించాను. వాడు వాకిట్లోకి పోయి నా చెప్పు ఒకటి తెచ్చి చేతికిచ్చి, రెండవదాని కోసం మళ్ళీ వెళ్ళాడు. రెండుసార్లు అడిగాను కదా! ఇప్పుడు వాడికి ముప్పై దాటినవి. కోడలి ముందు ఈ కథ ఎత్తితే లేచి అవతలికి పోతాడు. నేను మానను.

మా వైపు పన్నుకూ పండుకూ బహువచనం ఒక్కటే: పండ్లు. మా అత్తగారు వాడిని దగ్గరకు పిలిచి "ఏదీ, పండ్లు చూపించు నాయనా" అన్నారు. వాడు లోపలికి పరుగెత్తి బుట్టలోంచి రెండు అరటిపండ్లు తెచ్చాడు. "అవి కాదురా, నోట్లో పండ్లు" అన్నారామె. వాడు క్షణం సేపు ఆలోచించి, తొక్క తీయకుండానే ఒక పండును నోట్లో పెట్టుకొని చూపించాడు.

అన్నిటిలోనూ నేను పదిలంగా దాచుకొన్నది మాత్రం చాలా చిన్న మాట. సాయంత్రం వాళ్ళ నాయన సైకిలు చప్పుడు వినగానే మా అమ్మాయి "నాయన వచ్చింది! నాయన వచ్చింది!" అని గంతులు వేసేది. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. ఆయన మాత్రం ఈ నాయన రాలేదు పొమ్మని సైకిలు వెనుకకు త్రిప్పినట్లు నటించేవారు. ఆ తప్పు ఆమెకు ఎవరు నేర్పారు? మా ఇంట్లో అలా అనేవారు ఎవరూ లేరు. ఆమె రోజంతా విన్నది ఇది: అమ్మ వచ్చింది, అవ్వ వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది, కరెంటు వచ్చింది. ఏకవచనంలో స్త్రీని, జంతువును, వస్తువును ఒకే క్రియారూపంతో చెప్పడం మన తెలుగు పద్ధతి. వ్రాసే తమిళంలో వీటికి "వందాళ్" అనీ "వందదు" అనీ వేర్వేరు రూపాలున్నాయి. ఇన్ని వచ్చినప్పుడు నాయన ఒక్కడే వేరుగా ఎందుకు రావాలి? మేము శిక్షణలో నెలల తరబడి చదువుకొన్న సూత్రాన్ని ఆ మూడేండ్ల పిల్ల ఏ పుస్తకమూ లేక తానే పట్టుకొని, కాస్త ఎక్కువగా సాగదీసింది. తెలుగు రానివాళ్ళు ఆ తప్పు చేయలేరు.

2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున పై తరగతులకు తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేశారు. దాని మంచిచెడ్డలు ఇక్కడ చర్చించను. దానివల్ల మా వైపు ఇండ్లలో జరిగినదే చెబుతాను. బడిలో బిడ్డ వెనుకబడుతుందన్న భయంతో చాలామంది తల్లులు ఉయ్యాలలోని బిడ్డతోనే తమిళం మాట్లాడసాగారు. కొందరు ఇంగ్లీషు. తమిళం నేర్పడానికి బడి ఉన్నది, అంగడి ఉన్నది, బస్సు ఉన్నది. "నాయన వచ్చింది" అని తప్పు చేసి నేర్చుకొనే తెలుగుకు ఇల్లు తప్ప వేరే చోటు లేదు.

అందుకే చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులను నేను అక్షరాలు వచ్చునా అని అడగను. "మీ బిడ్డ చిన్నప్పుడు అన్న నవ్వు పుట్టించే మాట ఒకటి చెప్పండి" అని అడుగుతాను. తెలుగు మాట్లాడే ఇంటివారు వెంటనే అందుకొంటారు. ఒకటి చెప్పమంటే నాలుగు చెబుతారు, వెనుక వరుసలోనివారు ఆలస్యమవుతున్నదని గొణుగుతారు.

మొన్న జూన్‌లో ఒక తల్లి మాత్రం ఏమీ చెప్పలేదు. "దీనితో మేము తమిళమే మాట్లాడతాము టీచర్. ఆయనా నేనూ మాట్లాడుకొనేది తెలుగే, దీనికి మాత్రం రాదు" అన్నది. ఆ పాప కొంగు వెనుక నుండి నన్నే చూస్తున్నది. నేను వంగి, "పండ్లు చూపించు తల్లీ" అన్నాను.

పాప నోరు తెరిచింది. క్రింది వరుసలో ఒక సందు ఉన్నది. అక్కడ వేలు పెట్టి, "ఒక పండు పడిపోయింది" అన్నది.

తల్లి పకపకా నవ్వింది. నవ్వు ఆగిన తరువాత బిడ్డ వైపు చూసి, నా వైపు చూసి, "దీనికి ఈ మాట ఎవరు నేర్పినారు టీచర్?" అని నన్నే అడిగింది.