చెవికి ముందు, నోటికి తర్వాత

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్షకు శిక్షణ తెచ్చింది. పీటీఈ లాంటి ఇతర ఇంగ్లిషు పరీక్షల్లో మాటకు మార్కులు వేసేది ప్రధానంగా కంప్యూటరే. పలుకునూ, నొక్కునూ, తడబాటునూ అది కొలుస్తుంది. వీటిని సూత్రాలుగా బట్టీ పట్టించడం కన్నా ఆడించడమే మేలని నా నమ్మకం. రాత వేరు, చెవికి వినిపించేది వేరు. బనియను 'వెస్ట్' (vest), పడమర 'వెస్ట్' (west) మన రాతలో ఒకటే. తేడా ముందు చెవికి అందాలి. ఆదోనిలో ఉర్దూ ఇంటి పిల్లకు 'జిందగీ'లోని జకారం (ఇంగ్లిషు z పలుకు) ఉగ్గుపాలతో వస్తుంది. ఆ పిల్ల 'జూ' (zoo) అంటే పక్కపిల్ల పట్టుకుని తిరిగి అనాలి, అదే ఆట. ఎమ్మిగనూరు మగ్గం చప్పుడుకు చప్పట్లు కలుపుతూ వాక్యం చెబితే నొక్కు ఒంటబడుతుంది.

యంత్రం కోసం సీమ యాస చంపుకోవాలా అంటారు. అక్కర్లేదు. యాస వేరు, అర్థం తారుమారయ్యే పలుకు వేరు. ఆట దిద్దేది రెండోదాన్నే.