మళ్ళీ చెప్పండి

నేను నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు వాక్యం ‘మే ఐ కమిన్ సార్’. కోడూరులో బడి గుమ్మం దగ్గర నిలబడి, మేష్టారు తలెత్తి చూసేదాకా దాన్నే వల్లించేవాళ్ళం. రెండవది ‘ఎస్సార్’. పాఠం అర్థమైనా, కాకపోయినా మా జవాబు అదే. ఈ రెండింటినీ మానిపించే పాఠాలు నేనే రాయవలసి వస్తుందని అప్పుడు ఊహించనైనా లేదు.

కొన్నేళ్ళ క్రితం, ఓడల్లో పనికి వెళ్ళదలచిన కుర్రాళ్ళ కోసం ఇంగ్లీషు పాఠాలు తయారుచేయడానికి ఒప్పుకున్నాను. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలవడం చూస్తూ పెరిగినవాణ్ణి కదా, ఆ మాత్రం చేయలేనా అనుకున్నాను. మొదటి ప్రతి నిండా వ్యాకరణమూ, మర్యాద వాక్యాలూ.

నేర్చుకోవడానికి వచ్చినవారిలో మా దివిసీమ కుర్రాడొకడున్నాడు. చేపల వేట మీద బతికే కుటుంబం. చుక్కాని చక్రం అభ్యాసంలో ‘పోర్ట్ టెన్’ అన్నాను. అంటే ఎడమకు పది డిగ్రీలు. అతను ‘ఎస్సార్’ అని కుడికి తిప్పాడు. అర్థం కాలేదా అంటే తల వంచుకుని, “మిమ్మల్ని మళ్ళీ అడిగితే బాగుండదని...” అన్నాడు.

ఆ వినయం నా పుస్తకంలోనూ పేజీ పేజీకీ ఉంది.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక నౌకా సంభాషణ వాక్యాలను అప్పుడు శ్రద్ధగా చదివాను. చుక్కాని పట్టినవాడు ఆజ్ఞను తిరిగి పలకాలి. ‘ఎస్’ అంటే చాలదు. నూటయాభైని ‘వన్ ఫైవ్ జీరో’ అని అంకె అంకెగా చెప్పాలి. ‘మే’, ‘కెన్’ వంటి సందిగ్ధ పదాలు కూడదు. అనుమతి కావాలంటే ముందు ‘క్వశ్చన్’ అని, ఆపైన అనుమతి ఉందా అని సూటిగా అడగాలి.

ఇదంతా పెళుసుగా తోచవచ్చు. కానీ 1990 ఏప్రిల్‌లో స్కాండినేవియన్ స్టార్ అనే ప్రయాణికుల ఓడ తగలబడి 159 మంది మరణించారు. సిబ్బందిలో పలువురికి ఒకరి భాష ఒకరికి తెలియదు. ప్రయాణికులకు దారి చెప్పడానికీ మాట కరవైంది. అక్కడ మర్యాద ఎవరిని కాపాడుతుంది?

పుస్తకం మళ్ళీ మొదటినుంచి రాశాను. ఇప్పుడు మొదటి పాఠం ‘సే అగెయిన్’.

ఆ కుర్రాడు ఒకరోజు అందరిముందూ నాతోనే ‘సే అగెయిన్’ అన్నాడు. బడిపంతులు మనసు కదా, ఒక్క క్షణం చివుక్కుమన్న మాట దాచను. ‘పోర్ట్ టెన్’ అని మళ్ళీ చెప్పాను. అతను దాన్ని పైకి పలికాడు. చక్రం ఎడమకు తిరిగింది.