పలుగురాయి గుడ్డు

బ్యాంకు ఆఫీసరుకు కోళ్ళతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా డెబిట్టూ క్రెడిట్టూ తప్ప మరొకటి తెలియకుండా బతికినవాణ్ణి. మేకు సూటిగా కొట్టడం యాభై దగ్గర పడ్డాక నేర్చుకున్నాను, అదీ కోళ్ళ కోసం. ఈ సంగతి రాయమని పత్రిక వాళ్ళు నన్ను అడగలేదు. నాకే రాయాలనిపించింది. ఎందుకంటే ఇందులో నేను పడ్డ బాకీలు రెండు ఉన్నాయి.

మొదట పాత బాకీ. 1996లో నేను అప్పటి బంగారుపేట తాలూకాలో, బేతమంగలం దగ్గర ఒక పల్లెటూరి శాఖలో పని చేసేవాణ్ణి. ఐ.ఆర్.డి.పి. రోజులవి. 1980 అక్టోబరు 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకుల్లోనూ నడిచి, 1999 ఏప్రిల్‌లో మరో పథకంలో కలిసిపోయింది ఆ కార్యక్రమం. మా తరం బ్యాంకు వాళ్ళెవరిని కదిపినా దాని గురించి ఒక పురాణం విప్పుతారు. చిన్న రైతుకు 25 శాతం సబ్సిడీ, సన్నకారు రైతుకూ కూలీకీ మూడో వంతు, షెడ్యూల్డు కులాలూ తెగల వారికి సగం. ఈ లెక్క నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. మా శాఖలో కోళ్ళ యూనిట్ అంటే కోళ్ళు, దాణా, ఇనుప కమ్మీల పంజరం. పంజరం లేకపోతే యూనిట్ కాదు.

ఒకామె కౌంటరు దగ్గర నిలబడి, "నాకు పంజరం ఒద్దు సామీ. పది పెట్టలకి దుడ్డిస్తే చాలు. అవి గుడ్లు పెట్టే జాగా నేనే చూసుకుంటాను" అంది. ఫారంలో ఆ మాట రాసుకోవడానికి గడి లేదు. పంజరంతో కలిపే అప్పు ఇచ్చాను. ఆ ఎండాకాలం కొక్కెర తెగులు తగిలి కోళ్ళన్నీ నాలుగు రోజుల్లో పోయాయి. టీకాలు వేయించారా లేదా అని నేనూ అడగలేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. వసూలుకు వెళ్ళినప్పుడు చూశాను: పంజరం వాకిట్లోనే ఉంది, దాని నిండా పొయ్యి కట్టెలు. పక్కన పగిలిన కుండ అడుగుభాగంలో, మళ్ళీ ఎక్కడి నుంచో తెచ్చుకున్న నాటుపెట్ట ఒకటి కూర్చుని గుడ్డు పెడుతోంది. నేను నోటీసు చేతికిచ్చి వచ్చేశాను. ఆ నోటీసులోని మొత్తంలో పంజరం ధరా, దాని వడ్డీ కూడా ఉన్నాయి.

ఇరవై ఏళ్ళకు పైగా ఈ సంగతి మరిచిపోయాను. 2019 సంక్రాంతికి ముళబాగిలులో ఉన్న మా అక్క రెండు పెట్టల్నీ ఒక పుంజునూ గంపలో పెట్టి పంపింది. ఆండర్సన్‌పేటలో మా ఇంటి వెనక కాస్త పెరడు ఉంది. ఇంతే కదా, తిరిగి బతుకుతాయి అనుకున్నాను.

గుడ్డు పెట్టే వేళకు కోడిపెట్ట ఎంత తిప్పలు పడుతుందో మీలో కోళ్ళు సాకినవారికి చెప్పనక్కరలేదు. గొంతులో ఏదో గునుసుకుంటూ ఇల్లంతా వెతుకుతుంది. మా వాటిలో ఒకటి బట్టలుతికే రాయి వెనక పెట్టింది. రెండోది నా స్కూటరు మీద కప్పిన పట్టా మడతల్లో. ఒకరోజు పాత పేపర్లు అమ్మడానికి మూట తీస్తే మధ్యలో తొమ్మిది గుడ్లు! వాటి వయసు తెలియక తొమ్మిదింటినీ పారేయవలసి వచ్చింది. నాటుపెట్ట ఏడాదికి పెట్టేదే 50, 60 గుడ్లు. తొమ్మిది అంటే అందులో ఆరో వంతు నష్టం. ఇది మాత్రం నాకు అర్థమయ్యే భాష.

అప్పుడు మొదలుపెట్టాను. కొనే గూళ్ళు ఉన్నాయి, ధర చూసి ఊరుకున్నాను. మా వీధి చివరి మెస్సులో 15 కిలోల నూనె డబ్బాలు ఖాళీవి పడి ఉంటాయి. అడ్డంగా పడుకోబెడితే నోరు 9 అంగుళాలు, లోతు 14 అంగుళాలు. నాటుపెట్టకు ఇది సరిపోతుంది. గిరిరాజ పెట్టకు చాలదు. బెంగళూరు హెబ్బాళలో తయారైన ఆ జాతి పెట్ట మూడు కిలోలు తూగుతుంది, దానికి అడుగు చదరం కావాలి. (అది పొదుగుకు కూడా సరిగా కూర్చోదు. అందుకే దాని గుడ్లు తెచ్చి నాటుపెట్ట కింద పెడతారు.) డబ్బా నోటి రేకును మొత్తం కోసెయ్యకూడదు. కింద 4 అంగుళాలు ఉంచితే గుడ్లూ గడ్డీ బయటికి దొర్లవు. కోసిన అంచును లోపలికి మడిచి సుత్తితో అణచాలి. నేను మొదటి డబ్బాకు అణచక ముందే బొటనవేలు కోసుకుని టి.టి. సూది వేయించుకున్నాను. ఆ సూది ఖర్చు గూడు ఖర్చు కన్నా ఎక్కువ.

డబ్బా అడుగున నాలుగు బొక్కలు, లోపల రాగి గడ్డి, నోటికి గోనెసంచి ముక్క ఒకటి తెరలాగా. కోడికి గుడ్డు పెట్టేటప్పుడు చీకటి కావాలి, చాటు కావాలి. వెలుతురులో పెడితే పక్క కోడి వచ్చి పొడుస్తుంది. ఒకసారి పగిలిన గుడ్డు రుచి మరిగిందా, ఇక ఆ కోడి మనకు గుడ్లు మిగల్చదు. అలాంటి డబ్బాలు మూడు చేసి, పెరట్లో పడమటి గోడకు నేలకు అడుగున్నర ఎత్తున వరసగా బిగించాను. చూడటానికి మా బ్యాంకు లాకర్లలాగా ఉన్నాయి. నాకు ఎంత గర్వమో చెప్పలేను.

రెండో బాకీ ఇక్కడే.

ఛాంపియన్ రీఫ్ లైన్లలో ఉండే ఒక అక్క మా ఇంటికి ఆకుకూరలు తెచ్చేది. చిత్తూరు వైపు నుంచి గనుల పనికి వచ్చిన కుటుంబం. ఆమె భర్త భూమి లోపల పని చేసినవాడు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక బెంగళూరులో కాపలా ఉద్యోగం చేస్తూ పోయాడు. కొడుకు కూడా మా ఊరి సగంమంది లాగానే తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి తిరిగొచ్చే మనిషి. 2020 మార్చి చివర రైళ్ళు ఆగిపోయాయి. కొడుకూ కోడలూ ఇద్దరు పిల్లలూ ఆ ఒంటి గదిలోనే. మాకు బ్యాంకుకు సెలవు లేదు, జీతానికి లోటు లేదు. వాళ్ళకు ఉన్నదల్లా ఆకుకూరలూ, ఒక పెట్టా.

ఏప్రిల్‌లో ఆమె ఆ పెట్టను చంకలో పెట్టుకుని వచ్చింది. "సార్, ఇది గుడ్లకొచ్చుండాది. మా ఇంట్లో మనుషులకే జాగా లేదు. మీ పెరట్లో ఇంత చోటిస్తే పొదగేసుకుంటాను. పిల్లలు లేస్తే అమ్ముకోవచ్చు" అంది. నాలుగు వారాల నాటుకోడి పిల్ల అప్పుడు మా దగ్గర 100 రూపాయలు పలికేది. చోటేమిటి, లాకరే ఇస్తానన్నాను. ఆమె డబ్బాను తట్టి చూసి, "రేకు కదా సార్" అంది. నేను గోనెతెర గురించి, నాలుగంగుళాల అంచు గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఇంకేమీ అనలేదు.

పెట్ట పదకొండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంది. ఇరవై ఒక్క రోజులు లెక్కపెట్టాం. రెండే పిల్లలు లేచాయి, అందులో ఒకటి సాయంత్రానికి పోయింది. మిగతా గుడ్లు పగలగొట్టి చూస్తే కొన్నింటిలో సగం తయారైన పిల్లలు, కొన్నింటిలో నల్లటి నీళ్ళు. మాకు తెలిసిన పశువుల డాక్టరు గారు ఫోనులో విడమరిచి చెప్పారు. గుడ్డులోని జీవం కోడి కూర్చున్నాకే కదలాలి. దాదాపు 21 డిగ్రీలు దాటితే అది నెమ్మదిగా కదలడం మొదలుపెడుతుంది, పొదుగు వేడి 37, 38 డిగ్రీల దగ్గర నిలిస్తేనే సరిగా పెరుగుతుంది. పడమటెండకు కాలిన రేకులో గుడ్డు రోజూ కాస్త మేలుకొని, రాత్రికి ఆగి, పొదగక ముందే చెడిపోతుంది. పొదిగేటప్పుడు వేడి మితిమీరితే ఉన్నదీ చచ్చిపోతుంది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "కోడి చెప్పింది కదా సార్. మధ్యాన్నం నోరు తెరుచుకుని రొప్పతా ఉన్నింది, మీరు చూళ్ళేదా?" అంది. చూశాను. కోళ్ళన్నీ అంతే అనుకున్నాను. గుడ్ల ఖరీదూ పిల్లల ఖరీదూ కట్టి ఆమె చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. "దుడ్డొద్దు. ఇంకో గూడు చేయండి, నేను చెప్పినట్ట చేయండి" అంది.

చేశాను. శ్రీనివాసపురం మామిడిపళ్ళు వచ్చే చెక్కపెట్టె ఒకటి, పళ్ళ బండివాడు ఊరికే ఇచ్చాడు. పలకల మధ్య సందులు ఉంటాయి కాబట్టి లోపల మా బ్యాంకు పాత క్యాలెండరు అట్టలు మూడు వైపులా కొట్టాను. పైన చెక్కను బాగా ఏటవాలుగా బిగించాను. చదునుగా ఉంటే కోళ్ళు పైనెక్కి పడుకుని పాడు చేస్తాయి. అడుగున ఆమె చెప్పిన వరస: పిడికెడు మందం ఇసుక, దాని మీద కట్టెల బూడిద, దాని మీద నలిపిన రాగి గడ్డి, నాలుగు వేపరెమ్మలు. బూడిదా వేపాకూ పేలు పట్టకుండా. పేలు పట్టిన గూట్లో కోడి పొదుగు మధ్యలో లేచిపోతుందట. ఇసుక కోసం నేను దగ్గర్లోనే ఉంది కదా అని సైనైడ్ దిబ్బ వైపు చూశాను. ఆమె చేత్తో నా చెయ్యి పట్టి ఆపింది. ఆ దిబ్బ మెత్తటి మన్ను గాలికి లేచినప్పుడు మా ఊళ్ళో ఎవరెలా దగ్గుతారో ఇక్కడివాళ్ళకు చెప్పాలా. ఇసుక ఇల్లు కట్టేవాళ్ళ దగ్గర ఒక చట్టి అడిగి తెచ్చాను. మొత్తం ఖర్చు మేకులకు 14 రూపాయలు.

గూడును తూర్పు గోడకు, జామచెట్టు నీడన పెట్టాం. లైన్లలో ఆమె పక్కింటి తమిళావిడ కూడా చూడటానికొచ్చింది. మేము గూడు అంటాం, కన్నడంలోనూ గూడే, ఆవిడ కూడు అంటుంది. మా గనుల ఊళ్ళో మూడు భాషలవాళ్ళకూ అనువాదం అక్కరలేని మాట ఇది. అయితే గుడ్డు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళిద్దరిదీ ఒక దారి, మనది ఒక దారి.

జూలైలో తుంపర పడుతుండగా మళ్ళీ పదకొండు గుడ్లు పెట్టాం. బేసి లెక్కే ఉండాలని ఆమె పట్టు. ఏడో రోజు రాత్రి ఒక్కొక్క గుడ్డునూ మొబైల్ టార్చి మీద పెట్టి చూశాం. పదింటిలో సాలెపురుగు కాళ్ళలాగా ఎర్రటి నరాలు. ఒకటి ఖాళీ, దాన్ని తీసేశాం. తొమ్మిది పిల్లలు లేచాయి. నెల తిరిగేసరికి ఎనిమిదింటిని అమ్మింది. ఒకటి మనవడు ఇవ్వనన్నాడట.

పోతూ పోతూ ఆమె గూట్లో ఒక తెల్లరాయి వదిలేసి పోయింది. గుడ్డంత ఉంటుంది, నునుపుగా, పలుగురాయి. కొత్త పెట్టకు గూడు చూపించాలంటే అందులో ఒక దొంగగుడ్డు ఉండాలి. అది చూసి, ఇక్కడ ఎవరో పెట్టారు, భయం లేదు అనుకుని తానూ అక్కడే పెడుతుంది. నూట ఇరవై ఏళ్ళు మా ఊరివాళ్ళు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి తవ్వింది ఈ పలుగురాయినే, దాని చారల్లోనే బంగారం. ఈ రాయిలో బంగారం లేదు, నేను భూతద్దం పెట్టి చూశాను. కానీ ఆ రాయి పెట్టిన రోజు నుంచి మా పెట్టలు స్కూటరు జోలికి పోలేదు. ఒకసారి మా ఆవిడ దాన్ని మిగతా గుడ్లతో కలిపి గిన్నెలో వేసి ఉడకబెట్టింది. పెంకు తీయబోయినప్పుడు నేను విన్న మాటలు ఇక్కడ రాయను.

ఆ తర్వాత అడిగినవాళ్ళకల్లా చేసిచ్చాను. కోలారు మార్కెట్టులో పగిలి పారేసిన టమాటా ప్లాస్టిక్ పెట్టెలు బాగుంటాయి, కడగడం సులభం, గాలి ఆడుతుంది. మూడు వైపులా గోనె కట్టడం మాత్రం మరవకూడదు. నాలుగైదు పెట్టలకు ఒక గూడు చాలు. రాత్రి పడుకునే కర్ర గూటి కన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే గూట్లోనే పడుకుని రెట్టలు వేస్తాయి. నూనె డబ్బాలు ఇప్పటికీ వాడతాను, నీడ ఉన్నచోట, దీపావళి నుంచి శివరాత్రి దాకా. ఉగాది వస్తే దింపేస్తాను.

2022లో ఒక ఆదివారం మామిడిపెట్టె గూడు ఒకటి స్కూటరు వెనక కట్టుకుని బేతమంగలం దాటి ఆ పల్లెకు పోయాను. ఆ అప్పు ఎప్పుడో రద్దు పద్దులో పోయింది. నా పేరు మీద ఎవరూ తప్పు రాయలేదు. ఆమె ఉంది, బాగా ముసలిదైపోయింది. నన్ను గుర్తు పట్టదనుకున్నాను. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "పంజరం సారు కదా" అంది.

పెట్టె దింపి చూపించాను. తిప్పి తిప్పి చూసింది, అట్టలు నొక్కి చూసింది.

"దీనికెంత రాస్తావు సామీ?"

ఏమీ లేదు, ఊరికే అన్నాను. నమ్మినట్టు లేదు. మనవణ్ణి పిలిచి, నేను పెట్టమన్న వేపచెట్టు కింద కాకుండా వంటింటి వెనక, నీళ్ళ తొట్టి పక్కన పెట్టించింది. చెట్టు కింద ముంగిస తిరుగుతాదంట.