మూడిళ్ళు, ఒక్క మందుల చీటీ

ఒక కాగితాన్ని ఫొటో తీసి పంపడం వేరు, ఆ కాగితం ఎక్కడుందో చెప్పడం వేరు. వినడానికి ఇదో పెద్ద విషయమా అనిపిస్తుంది. మా ఇంట్లో మాత్రం ఈ తేడా దగ్గరే రెండు కుటుంబాలు పది రోజులు సరిగ్గా మాట్లాడుకోలేదు. దాన్ని నాకు విడమరిచి చెప్పింది మా అమ్మాయి కాలేజీలో చదువుతున్న పైథాన్ పాఠం.

సంగతి ఇదీ. మా అత్తగారు ఏడాదిలో నాలుగు నెలలు హైదరాబాదులో మా దగ్గర, నాలుగు నెలలు విశాఖలో మా బావగారింట్లో, నాలుగు నెలలు రాజమండ్రిలో మా ఆడపడుచు దగ్గర ఉంటారు. ఎక్కడికి వెళ్ళినా బట్టల కంటే ముందు మందుల డబ్బా సర్దుతాం, అందులో ఒక చీటీ పెడతాం. ఆ చీటీని ఎవరికి వాళ్ళు ఎప్పుడో ఫొటో తీసి ఫోన్లో పెట్టుకున్నారు. కాళ్ళు వాస్తున్నాయని ఇక్కడి డాక్టరుగారు బీపీ మాత్ర ఆమ్లోడిపిన్‌ని 5 మిల్లీగ్రాముల నుంచి 2.5కి తగ్గించారు. చీటీ దిద్ది డబ్బాలో పెట్టి పంపాం. విశాఖలో మాత్రలు అయిపోయినప్పుడు మా తోడికోడలు ఎప్పటిలాగే ఫోన్లో ఫొటో చూసి 5వే తెప్పించింది. కొద్ది రోజులకే అత్తయ్య పాదాలు మళ్ళీ ఉబ్బాయి. "మీరు ఫోన్ చేసి చెప్పాల్సింది" అని అటు, "డబ్బాలో చీటీ చూసుకోవాల్సింది" అని ఇటు. అన్నదమ్ములిద్దరి మధ్యా మాటలు ముక్తసరి అయిపోయాయి.

ఆ రోజుల్లోనే మా అమ్మాయికి పరీక్షలు. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే తను పైకి చదువుతోంది. పైథాన్ అంటే కొండచిలువ కదే, ఇదేం పేరు అన్నాను. గైడో వాన్ రోసమ్ అనే డచ్చాయన 1991లో ఈ భాషని బయటికి తెచ్చాడట. పాముతో సంబంధం లేదు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య కార్యక్రమం మీద ఇష్టంతో పెట్టిన పేరట. నేను చదివింది బీకాం. అయినా ఆ రాత్రికి నానమ్మ మందుల చీటీనే పైథాన్‌లో రాసి చూపించమన్నాను.

ముందు 'మందు' అంటే ఏమిటో చెప్పాలి. దీన్ని క్లాస్ అంటారు. కజ్జికాయల అచ్చు అనుకోండి. అచ్చు తినం, దాంతో ఒత్తిన కజ్జికాయలు తింటాం. ప్రతి మందుకీ పేరు, మోతాదు, వేసుకునే వేళ ఉండాలని అచ్చులో రాస్తాం. దాంతో ఒత్తిన ఒక్కొక్క మందూ ఒక ఆబ్జెక్ట్. అవన్నీ వరసగా ఉండేది లిస్ట్, అంటే జాబితా. పైథాన్ 3లో పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు! ఆజ్ఞలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. మీరు చదువుకోవడానికి వీలుగా వాటినీ తెలుగులో రాస్తున్నాను.

మందులు = []
మందులు.అపెండ్(బీపీ)
మందులు.అపెండ్(షుగర్)
మందులు.ఇన్సర్ట్(0, థైరాయిడ్)

మొదటి వరుసలో ఖాళీ జాబితా పుట్టింది. అపెండ్ అంటే చివర చేర్చమని. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున వెయ్యాలి కాబట్టి దాన్ని అందరికంటే ముందు ఇరికించాం, అది ఇన్సర్ట్. ఆ సున్నా ఏమిటంటారా? ఇక్కడ లెక్క ఒకటితో కాదు, సున్నాతో మొదలవుతుంది. అపార్టుమెంటులో గ్రౌండ్ ఫ్లోర్ తర్వాతే కదా ఫస్ట్ ఫ్లోర్ వచ్చేది, అలాగన్నమాట. చివరిది కావాలంటే మైనస్ 1 అని అడిగితే చాలు. ఎన్ని ఉన్నాయో లెన్ చెప్తుంది. ఫలానాది వద్దంటే రిమూవ్.

ఈ రిమూవ్‌లో ఒక తిరకాసు ఉంది. అలమరలో వరసగా ఉన్న మందుల్లో గడువు దాటినవి తీసేస్తున్నాం అనుకోండి. మూడోది తీసేయగానే నాలుగోది జరిగి మూడో చోటికి వస్తుంది. కంప్యూటరు మాత్రం తన లెక్క ప్రకారం నాలుగో చోటికి వెళ్ళిపోతుంది. జరిగి వచ్చిన మందుని అసలు చూడనే చూడదు. గడువు దాటినవి రెండు పక్కపక్కనే ఉంటే రెండోది అలాగే మిగిలిపోతుంది. అందుకని నకలు ఒకటి తీసుకుని, దాన్ని చదువుతూ అసలు దాంట్లోంచి తీసెయ్యాలట.

నకలు అనగానే నాకు విశాఖ గుర్తొచ్చింది. "మీ పెద్దనాన్న దగ్గరున్న చీటీ సంగతేంటి మరి?" అన్నాను. మా అమ్మాయి రెండు వరుసలు రాసింది.

విశాఖ = మందులు
రాజమండ్రి = మందులు.కాపీ()

చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి కదా. మొదటి దాంట్లో కొత్త జాబితా ఏదీ పుట్టలేదు. ఉన్న జాబితాకే ఇంకో పేరు వచ్చింది. పుట్టింట్లో చిన్నమ్మాయి, అత్తింట్లో కోడలు, మనిషి ఒక్కతే. హైదరాబాదులో ఒక మందు చేరిస్తే విశాఖలోనూ కనిపిస్తుంది. రెండోది కొత్త జాబితా. రాజమండ్రిలో మా ఆడపడుచు మోకాళ్ళకి తైలం చేర్చుకుంటే అది తన జాబితాలోనే ఉంటుంది, మాకు రాదు.

అసలు విశేషం ఇంకోటుంది. జాబితాలో మందులు ఉండవు, మందులు ఎక్కడున్నాయో ఆ చిరునామాలు ఉంటాయి. కాపీ చేసినప్పుడు నకలయ్యేది చిరునామాలే. అందుకని మేం బీపీ మందు మోతాదుని 2.5 అని మారిస్తే, నకలు తీసుకున్న రాజమండ్రిలో కూడా 2.5 అనే కనిపిస్తుంది! మందులతో సహా అన్నీ విడివిడిగా కావాలంటే డీప్‌కాపీ అని వేరే ఆజ్ఞ ఉంది. అది చేశాక ఇక్కడేం మార్చినా అక్కడ తెలియదు.

మా తోడికోడలి ఫోన్లో ఉన్న ఫొటో అదీ. డీప్‌కాపీ. తీసిన క్షణంలో చీటీకీ దానికీ తెగిపోయింది. కానీ చూడ్డానికి అసలు చీటీలాగే ఉంటుంది, అదే చేతిరాత, అదే నూనె మరక. దాన్ని నమ్మడంలో ఆవిడ తప్పేముంది? ఈ మాటే ఫోన్ చేసి చెప్పాను. "అక్కా, నీ దగ్గరున్నది చీటీ కాదు, దాని ఫొటో. మనం గొడవ పడాల్సింది ఫొటోతో" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వింది. "ఇన్ని రోజులూ నాకు చదవడం రాదన్నట్టు మాట్లాడారే మీ బావగారు" అంది.

ఇప్పుడు మందులన్నీ గూగుల్ షీట్‌లో ఉన్నాయి. ఒకటే షీట్. మూడిళ్ళకీ దాని లింకు మాత్రమే ఇచ్చాం, ఫొటో తీయకూడదని షరతు. డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తే వాళ్ళు అక్కడే దిద్దాలి. అత్తయ్యకి ఫోన్లో చూడటం అలవాటు లేదు కాబట్టి పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి ఇస్తున్నాం. అదీ నకలే. కాకపోతే పైన తేదీ వేస్తాం, కొత్తది రాగానే పాతది చించేస్తాం. నకలు ఉండటంలో ప్రమాదం లేదు, అది నకలని మర్చిపోవడంలోనే ఉంది. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళ మందులు, అలర్జీలు, బ్లడ్ గ్రూపు ఫోన్లో ఫొటోలుగా ఉంటే ఒకసారి తేదీలు చూసుకోండి.

ఇదంతా మా అమ్మాయి నానమ్మకి కూడా చెప్పింది. ఆవిడ శ్రద్ధగా విని, "జాబితాలో మందు ఉండదు, చిరునామా ఉంటుందంటున్నావు. మరి ఆ చిరునామాలో ఉండేది నేనే కదే. కాళ్ళు బరువెక్కుతున్నాయని విశాఖలో వారం రోజులు చెప్పాను. చీటీలో ఉన్నదే వేస్తున్నాం అత్తయ్యా అన్నారు" అంది.

మా దగ్గర దానికి జవాబు లేదు. షీట్‌లో పేరు, మోతాదు, వేళ అనే మూడు గడులు ఉండేవి. నాలుగోది చేర్చాం, 'అత్తయ్య ఏమన్నారు' అని. ఆదివారం పొద్దున్న ఎవరింట్లో ఉంటే వాళ్ళు పక్కన కూర్చుని అడిగి రాయాలి. పోయినవారం రాజమండ్రి నుంచి మా ఆడపడుచు రాసింది, "వాపు లేదు. రాత్రి నిద్ర పట్టింది. కాకరకాయ వేపుడు ఇక చాలంది."