తాతయ్య రంగు

ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఐదేళ్ళు ఉన్నాను. ఇప్పుడు మా పట్టణంలో ఒక ఫోటో స్టూడియోలో డిజైనర్‌గా పని చేస్తున్నాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగితే, పెద్ద విషయాలు నాకేం తెలుసు అనుకున్నాను. తెలిసింది ఫోటోలే కాబట్టి ఒక ఫోటో గురించే రాస్తున్నాను.

మా అమ్మ తండ్రిని ఊళ్ళో అందరూ 'మిలట్రీ తాత' అనేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పయనీర్ దళంలో చేరి బర్మా వైపు వెళ్ళాడు. పయనీర్లంటే రోడ్లు వేసేవాళ్ళు, విమానాలు దిగడానికి నేల చదును చేసేవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు. ఆ యుద్ధంలో భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది పని చేశారు. 1944లో ఇంఫాల్, కోహిమా దగ్గర జపాన్ సైన్యాన్ని నిలువరించిన వాళ్ళ గురించి చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. వాళ్ళకు దారి వేసినవాళ్ళ గురించి ఎక్కడోగాని ఉండదు. మా తాతయ్యకు మిగిలింది ట్రంకు పెట్టెలో ఒక పతకం, 1946లో యూనిఫాంతో దిగిన ఒక నలుపు తెలుపు ఫోటో.

"మా నాన్నని ఒక్కసారి రంగుల్లో చూడాలని ఉందిరా" అంది అమ్మ.

అదెంత పని అనుకుని ఫోన్లో ఒక యాప్‌లో పెట్టాను. అర నిమిషంలో రంగులు వచ్చేశాయి. అమ్మ ఆ ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. "బాగానే ఉన్నాడు. ఎవర్రా ఈయన?" అంది.

తాతయ్య ముఖం నున్నగా, తెల్లగా, గులాబీ ఛాయతో ఉంది. యంత్రానికి మా తాతయ్య తెలియదు కదా! దానికి చూపించిన ఫోటోల్లో ముఖాలు ఎలా ఉన్నాయో ఇదీ అలాగే ఉంటుందని ఊహిస్తుంది.

ఈసారి ఫోటోషాప్‌లో చేత్తోనే మొదలుపెట్టాను. చొక్కా ఖాకీయా, ఆకుపచ్చా? బర్మా అడవుల్లో ఖాకీ కనబడిపోతుందని యుద్ధం మధ్యలో ఆకుపచ్చ దుస్తులు ఇచ్చారు. అమ్మను అడిగితే, "ఆకు రంగే. చినిగిపోయాక మీ అమ్మమ్మ బొంతలో కుట్టింది" అంది. చొక్కా సంగతి తేలింది.

తర్వాత గుండె మీది రిబ్బను. అది బర్మా స్టార్. మధ్యలో వెడల్పుగా ఎరుపు, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలంలో సన్నని నారింజ చారలు. అయితే ఫోటోలో ఎర్ర చార నీలం కంటే నల్లగా పడింది. పాతరకం ఫిల్ములు, ప్లేట్లు ఎరుపును గుర్తించలేవు. ఎర్రనివన్నీ నల్లబడతాయి. చామనఛాయ ఒళ్ళు కూడా ఉన్నదానికంటే నల్లగా పడుతుంది. అంటే తాతయ్య ఫోటోలో కనిపించినంత నలుపు కాదు. కొంచెం వెలుగు పెంచవచ్చు. ఎంత పెంచాలి? అక్కడే నా చెయ్యి ఆగిపోయింది.

ఎందుకంటే ఆ పని నాకు బాగా అలవాటు. "కొంచెం తెల్లగా చెయ్యండి" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు, చేసి ఇస్తాను. ఎవరూ అడక్కుండానే నా ఫోటోను కూడా అలాగే చేసి ఒక సంబంధానికి పంపాను. పెళ్ళిచూపుల నాడు ఆ ఇంటి పెద్దావిడ నన్ను దాటి వీధిలోకి చూస్తూ "అబ్బాయి ఏడీ, రాలేదా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ సంగతి గుర్తొచ్చి, మర్నాడు అమ్మనూ మావయ్యనూ స్టూడియోకి తీసుకెళ్ళి వెలుతురులో కూర్చోబెట్టి ఫోటోలు తీశాను. వాళ్ళ ముఖాల్లోంచి, చేతుల్లోంచి రంగు తీసుకుని తాతయ్యకు వేశాను. అమ్మ చూసి, "పొలం నుంచి వచ్చినప్పుడు ఇట్లాగే ఉండేవాడు" అంది. ఇంకేమీ అనలేదు, ఫోటో మాత్రం వదల్లేదు.

2021లో కంబోడియాలోని తువోల్ స్లెంగ్ జైలు ఖైదీల పాత ఫోటోలకు ఒకాయన రంగులు వేస్తూ కొందరి ముఖాల మీద నవ్వులు కూడా పెట్టాడు. అక్కడికి వెళ్ళినవాళ్ళు చావుకు ముందు దిగిన ఫోటోలవి. ఆ దేశ ప్రభుత్వం, చనిపోయినవాళ్ళ బంధువులు మండిపడ్డారు. ప్రచురించినవాళ్ళు వాటిని తీసేశారు. లేని నవ్వు పెట్టడం ఎంత తప్పో, ఉన్న రంగు తీసెయ్యడం కూడా అంతే తప్పని నాకనిపిస్తుంది.

తమ్ముళ్ళూ, మీ ఇళ్ళలో పాత ఫోటోలుంటే ముందు స్కాన్ చేయించండి. వెనక పేరు, ఊరు, సంవత్సరం రాయించండి, చెప్పేవాళ్ళు ఉండగానే. రంగులు వేస్తే, ఇవి మన ఊహ అని రాసి, అసలుది జాగ్రత్తగా దాచండి.

మా పదో తరగతి గ్రూపు ఫోటో ఒకటి నా దగ్గరుంది. ఈ సంచికలో వేయడానికి స్కాన్ చేసి ఇస్తున్నాను. వెనక వరుసలో చివర నిలబడింది నేనే. ఎవరి రంగూ మార్చలేదు.