వరాహం - ఒక దిద్దుబాటు



మొన్న ఆదివారం కాశిబుగ్గలోని మా ఇంటికి ఒక పూర్వ విద్యార్థి వచ్చాడు. ఇప్పుడతడు పశువైద్యుడు. పందుల పెంపకందార్ల కోసం తాను రాసిన పాఠాన్ని నా ముందుంచి, "భాష దిద్దిపెట్టండి సార్" అన్నాడు. గడ్డకట్టించి నిలువచేసే పంది వీర్యపు నాణ్యతను పెంచడం అందులోని విషయం.

ఆ కాగితాలు చూడగానే ముప్పయ్యేళ్ళ నాటి తరగతి గుర్తుకొచ్చింది. ఆనాడు వరాహావతారం చెప్పి, మన కాకతీయుల లాంఛనమూ వరాహమేనని గర్వంగా పలికాను. పందులు మేపే ఇంటినుండి వచ్చిన ఇతనివైపు తిరిగి పిల్లలు నవ్వారు. వారితోపాటు నేనూ నవ్వాను.

పాఠం చదివాను. ఎద్దు వీర్యం 2 కోట్ల కణాలతో ఒక సన్నని స్ట్రాలో ఇమిడి, సున్నాకు 196 డిగ్రీల దిగువన ఉండే ద్రవ నత్రజనిలో ఏళ్ళతరబడి నిలుస్తుంది. పందిది అంత సులువు కాదు. ఆ కణాల పైపొరలో కొలెస్టరాల్ తక్కువ. 15 డిగ్రీలకంటె దిగువకు ఒక్కసారిగా చల్లబడితే పొర దెబ్బతింటుంది. అందుకే సాధారణంగా 17 డిగ్రీలవద్ద ద్రవంగానే ఉంచి, కొద్దిరోజుల్లో వాడేస్తారు. తిరుపతిలో రూపొందిన టి-17 రకపు వీర్యమైనా ఆ గడువులోపలే ఓరుగల్లు చేరాలి. 2020లో మన దేశంలో తొలిసారి బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వంటి వ్యాధికి మంద బలైతే, గడ్డకట్టించి దాచినదే ఆ జాతికి మిగిలే విత్తనం.

నాణ్యత పెంచే మార్గాలూ వరుసగా రాశాడు. చలికి తట్టుకొనే వీర్యమున్న మగపందిని ఎంచుకోవాలి. మెల్లగా చల్లబరచాలి. కోడిగుడ్డు పచ్చసొన పొరకు రక్షణ. గ్లిసరాల్ 3 శాతం చాలు. మితిమీరితే అదే హాని. విటమిన్ ఇ వంటివి ఆక్సీకరణను అడ్డుకొంటాయి. కరిగించడం మాత్రం వేగంగా జరగాలి. అప్పటికీ చాలా కణాలు నశిస్తాయి గనుక ఒక్కొక్క మోతాదుకు 500 కోట్ల కణాలవరకూ కావాలి. బతికినవాటికీ ఆయువు కొద్ది గంటలే. అండాలు విడుదలయ్యే వేళను కనిపెట్టి ఎక్కించాలి.

నేను కలం తీసి, శీర్షికలో 'పంది వీర్యం' కొట్టివేసి 'వరాహ శుక్రం' అని రాశాను.

"రైతుకు పంది అంటేనే తెలుస్తుంది సార్" అన్నాడు మెల్లగా.

నా దిద్దుబాటును నేనే కొట్టివేశాను. ఆనాటి నవ్వుకు క్షమించమన్నాను. అతడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మూడో పుట ఇంకా చూడలేదు సార్" అన్నాడు.

కళ్ళజోడు సవరించుకొని చూశాను. అందులో దిద్దవలసినదేమీ లేదు.