కంప్యూటర్ సాయిబు

నేను చదివింది బి.ఏ. కంప్యూటర్ గురించి నాకు తెలిసిందల్లా పత్రికాఫీసులో డెస్కు మీద కూర్చుని నేర్చుకున్నదే. తెలుగుకి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు, ఉర్దూకి ఇన్‌పేజ్. అంతమాత్రానికే మా ఖాందాన్ మొత్తానికీ ఇంజనీర్ని అయిపోయాను. ప్రింటర్ కాయితం మింగేసినా నాకే కబురు, పాస్‌వర్డ్ మర్చిపోయినా నాకే కబురు. ఉద్యోగం విజయనగరంలో, ఇల్లు శ్రీకాకుళంలో. ఆదివారం పొద్దున్న ఆమదాలవలసలో రైలు దిగి, ఇంటికెళ్ళి చాయ్ తాగేలోపే ఎవరో ఒకరు సీపీయూ డబ్బా ఆటోలో వేసుకొచ్చి గుమ్మంలో నిలబడేవారు. డబ్బు ఎవరూ ఇవ్వరు, నేనూ అడగను. "జీతే రహో బేటా" అంటారు. చాలు.

మొదట్లో సరదాగానే ఉండేది. అబ్బా కోసం ఒక పాత కంప్యూటర్లో విండోస్ ఎక్స్‌పీ వేశాను. అందులో తెలుగు అక్షరాలు కుదురుగా కనపడాలన్నా, ఉర్దూ కుడి నుంచి ఎడమకి నడవాలన్నా సెట్టింగుల్లో ఒకే గడిలో టిక్కు పెట్టాలి. మా ఇంటి రెండు భాషలకీ కలిపి ఒకటే గడి! చెప్తే అబ్బా పగలబడి నవ్వాడు. "ఈ డబ్బాకి తెలిసింది మనుషులకి తెలీదు కదరా" అన్నాడు. నిజమే. 'మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది' అని బయటివాళ్ళు ఆశ్చర్యపోతారు. హైదరాబాద్ చుట్టాలేమో మా ఉర్దూ విని నవ్వుతారు. 2011 జనాభా లెక్కల్లో ఈ రెండు జిల్లాల్లోనూ మేం నూటికి ఒక్కరం కూడా లేం. ఇక్కడ పుట్టిన సాయిబుకి సిక్కోలు తెలుగు రాక ఇంకేం వస్తుంది?

తర్వాత్తర్వాత డబ్బాలు రావడం తగ్గింది. కాయితాలు రావడం మొదలైంది. అన్నీ పేర్ల గొడవలే.

మా ఆపా కూతురికి కాలేజీ సీటు కోసం బి.సి.-ఇ సర్టిఫికెట్ కావాల్సొచ్చింది. వెనుకబడిన ముస్లిములకి 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ 2007లో చట్టం వచ్చింది. ఆ జాబితాలో షేక్‌లున్నారు. సయ్యదులూ పఠాన్లూ మొఘలులూ లేరు. అంటే పేరు ముందున్న ఒక్క మాట మీద పిల్ల చదువు ఆధారపడి ఉంది. ఆ ఒక్క మాటే మూడు కార్డుల్లో మూడు రకాలుగా ఉంది. ఆధార్‌లో ఎస్ హెచ్ ఏ ఐ కె. పదో తరగతి సర్టిఫికెట్లో చివర ఇంకో హెచ్. రేషన్ కార్డులో వట్టి ఎస్ కె. మా నోటితో ఎప్పుడూ తప్పుగా పలకని పేరుని ఎవరెవరో ఎక్కడెక్కడో ఇంగ్లీషులో తమకు తోచినట్టు కొట్టారు. 'ఇవి ముగ్గురు మనుషులవి కావని ఏంటి నమ్మకం' అన్నాడు కౌంటర్లో కుర్రాడు. వాడి తప్పేం లేదు. వాడి ముందున్న ఫారంలో సర్‌నేమ్ అని ఒక గడి ఉంది. మాకేమో అందులో రాయడానికి ఇంటిపేరు లేదు. పది ఇళ్ళకీ షేక్ ఉంటుంది గానీ అది ఏ ఇంటి పేరూ కాదు. అఫిడవిట్లూ దరఖాస్తులూ అయ్యి ఆ హెచ్ కుదిరేసరికి నాలుగు ఆదివారాలు పట్టింది.

2019 ఆగస్టు 31న అస్సాంలో పౌర జాబితా తుదిరూపం ప్రకటించారు. 19 లక్షల పైచిలుకు మంది పేర్లు అందులో లేవు. డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. ఆ చలికాలమంతా మా ఇంట్లో ప్లాస్టిక్ కవర్ల చప్పుడే. ఖాలాలు, ఫుఫ్ఫులు, మసీదులో కనపడే పెద్దలు, అందరూ తలో కవరు పట్టుకుని వచ్చారు. 'మా పేరు సరిగ్గా ఉందా చూడు బేటా.' సగం మంది పుట్టిన తేదీ జనవరి 1. తేదీ తెలియనివాళ్ళకి మిషన్ వేసిన తేదీ అది. దేశమంతటికీ అలాంటి జాబితా ఇంకా రాలేదని ఎంత చెప్పినా వాళ్ళ భయం తగ్గలేదు. స్పెల్లింగ్ తేడా వల్ల అస్సాంలో ఏమయిందో పేపర్లో వార్త రాసినవాణ్ణి నేనే, ఇంట్లో ధైర్యం చెప్పేవాణ్ణీ నేనే.

అందరూ వెళ్ళాక నానీ మెల్లగా వచ్చి కూర్చుంది. తన కవరు విప్పలేదు. "కంప్యూటర్ మే మై హూఁ నా బేటా?" అంది. కంప్యూటర్లో నేనున్నానా అని. గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఈ ఊళ్ళో 17వ శతాబ్దం నుంచీ ఉంది. ఆ ఊళ్ళోనే పుట్టి ముసలిదైన మనిషి నన్నడిగిన మాట ఇది. "ఉన్నావు నానీ" అన్నాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు మళ్ళీ విజయనగరం. అక్కడ నేను అద్దెకుండే ఇంటి యజమాని నాకు తాతలాంటివాడు. బాబామెట్ట మీద ఖాదర్‌బాబా దర్గాకి ఏటా వెళ్ళే మనిషి. మా ఈద్ షీర్‌ఖుర్మా గిన్నె ఊడ్చి తినే మనిషి. 2020లో లాక్‌డౌన్ సడలాక పిలిచాడు. "బాబూ, పోను నిండిపోనాదట, సూసిపెట్టు." తెరిచాను. నిజాముద్దీన్ మర్కజ్ గొడవ నాటి వీడియోలు. సాయిబులు పళ్ళ మీద ఉమ్ముతున్నారట, కరోనా కావాలనే అంటిస్తున్నారట. పదులకొద్దీ ఉన్నాయి. నా వేలితో నేనే ఒక్కొక్కటీ ఎంచి తీసేస్తున్నాను. ఆయన తొంగిచూసి కంగారుపడ్డాడు. "అవి మీ గురించి కాదులే బాబూ. ఎక్కడో వేరే సాయిబులంట."

రింగు సరిగ్గా వస్తుందో లేదో చూద్దామని నా ఫోన్ నుంచి కొట్టాను. ఆయన తెర మీద పేరు పడింది: 'సాయిబు కంప్యూటర్'. ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. ఆ మాటలో ద్వేషం లేదు, నాకు తెలుసు. ద్వేషం ఉంటే పోట్లాడేవాణ్ణి. లేదు కాబట్టి ఏం చెయ్యాలో తోచలేదు.

గదికొచ్చి నా ఫోన్ తీశాను. తాతగారు నా ఫోన్లో 'హౌస్ ఓనర్'. ఇంకా కిందికి వెళ్ళాను. 'గ్యాస్ అబ్బాయి'. 'చాకలి'. మా పేర్లు మాకు సరిగ్గా రాయలేదని ఊరూరా వ్యాసాలు రాసే నేను, వారం వారం నా బట్టలు ఇస్త్రీ చేసే మనిషిని కులం పేరుతో దాచుకున్నాను. సిగ్గేసింది. మర్నాడు వెళ్ళి ఆయన పేరు అడిగాను. "ఇన్నాళ్ళకి ఎందుకు బాబూ?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

తర్వాత తాతగారి ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టాను. నా పేరు ఆయన చేతే కొట్టించాను. కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుని, పది నిమిషాలు కష్టపడ్డాడు. 'ఖ' రాయాల్సిన చోట 'క' పడింది. తప్పే. కౌంటర్లో అయితే దానికి అఫిడవిట్ అడుగుతారు. నేను దిద్దలేదు.

"సరిగ్గా ఉందా బాబూ?"

"ఉంది తాతగారూ."